స్లోలో ఊగే పాత లారీ: పంపు ల్యాబుకా, నాజిళ్లా, డీజిల్ లైనా? ముందు ఏది చూడటం మేలు?

"బండి స్లోలో ఊగిపోతోంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది. పంపు ల్యాబుకు ఇచ్చేయమంటారా?" పాత లారీ నడిపేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. స్లో అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిను తిరిగే వేగం. పంపు ప్రెషరుతో డీజిల్ పంపుతుంది, నాజిళ్లు దాన్ని సిలిండర్లలోకి చిమ్ముతాయి. ల్యాబు అంటే పంపును బెంచి మీద పరీక్షించి సరిచేసే (కాలిబ్రేషన్) చోటు. ఇక్కడ చెప్పేదంతా ఇన్‌లైన్ మెకానికల్ పంపు (ఒక్కో సిలిండరుకు ఒక్కో ఎలిమెంటు వరసగా ఉండేది) ఉన్న టాటా 697, కమ్మిన్స్ 6బీటీ ఇంజిన్ల బండ్లు, పాత లేలాండ్ లాంటి వాటికే. కామన్ రైల్ (అన్ని నాజిళ్లకూ ఒకే రైలు గొట్టం నుంచి డీజిల్ అందే) బండి మీద కింద చెప్పే నట్టు వదులు చేసే పరీక్షలు చేయొద్దు. అక్కడ రైలులో వందల బార్ల ప్రెషరు నిలిచి ఉంటుంది, ప్రాణం మీదికి వస్తుంది.

ఆటోనగర్‌లో షెడ్డు ముందు బండి ఆపగానే మూడు సలహాలు వస్తాయి: పంపు విప్పు, నాజిళ్లు చూపించు, లైను చూడు. మూడింట్లోనూ నిజం ఉంది. కానీ వరస ముఖ్యం. నా ఓటు డీజిల్ లైనుకే. లైను చూడటం చవక అని మాత్రమే కాదు. పంపు విప్పి బిగించేటప్పుడు ఎలాగూ కొత్త వాషర్లు పడతాయి, పైపులు శుభ్రమవుతాయి, లైనులో చిక్కిన ఎయిర్ పూర్తిగా తీస్తారు. చాలాసార్లు రోగం అక్కడే పోతుంది, పేరు మాత్రం కాలిబ్రేషన్‌కు వస్తుంది. పంపు బాగానే ఉన్నా బిల్లు కట్టాల్సి వస్తుంది.

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోని డీజిల్ లాగి పెద్ద పంపుకు అందించే చిన్న పంపు) వరకు ఉన్నది సక్షన్, అంటే పీల్చే వైపు. అక్కడ సందు ఉంటే బండి నడుస్తున్నంతసేపూ డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. చిల్లు పడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టే. అందుకే "ఎక్కడా తడి లేదు, లైను బాగుంది" అన్న మాట నమ్మొద్దు. స్లోలో ఒక్కో సిలిండరుకు పడే డీజిల్ చాలా కొద్ది. అందులో బుడగ వస్తే ఆ స్ట్రోకు ఖాళీయే. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున ఎక్కువసేపు సెల్ఫ్ కొడితే గానీ అందుకోకపోతే, డీజిల్ వెనక్కి జారిపోతోందేమోనని ముందు అనుమానించాలి.

పరీక్ష సులువే. ఫిల్టరుకూ పంపుకూ మధ్య, డీజిల్‌కు తట్టుకునే పారదర్శక పైపు ఒక అడుగు ముక్క బిగించి ఎయిర్ తీసి బండి స్లోలో వదలండి. మొదట్లో నాలుగు బుడగలు మామూలే, ఐదు నిమిషాల తర్వాత కూడా ఆగకుండా వస్తుంటే గాలి పడుతున్నట్టే. తర్వాత, పంపు కన్నా ఎత్తులో శుభ్రమైన డీజిల్ క్యాను పెట్టి, దాని పైపును నేరుగా ఫీడ్ పంపు ఇన్‌లెట్‌కు కలపండి. ఊగుడు ఆగిందా, తప్పు ట్యాంకు వైపే. ఆగలేదా, ఫీడ్ పంపు నుంచి ముందుకు వెతకాలి.

ట్యాంకు వైపైతే క్లాంపు కింద పగిలిన రబ్బరు పైపు, స్ట్రెయినర్ గిన్నె గాస్కెట్టు, బాంజో బోల్టు (పైపును బిగించే, మధ్యలో డీజిల్ పోయే రంధ్రమున్న బోల్టు) రాగి వాషర్లు చూడాలి. వాషరును వెలుతురుకు పెట్టి చూడండి. ముఖం మీద అడ్డంగా గోరుకు తగిలే గీత ఉంటే అది పారేయాల్సిందే. కొత్తది అందకపోతే ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే రాగి మెత్తబడి మళ్లీ కూర్చుంటుంది, కానీ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో సెట్టు దొరికేటప్పుడు ఆ పని ఎందుకు? ట్యాంకు నిండా ఉన్నప్పుడు బాగా నడిచి, సగం దిగాక ఆగిపోయే బండికి లోపలి సక్షన్ పైపు తుప్పుపట్టి చిల్లు పడిందని అర్థం. ఇక అరగంట నడిచాక ఆగిపోయి, మూత తీయగానే 'సుయ్' మని గాలి పీల్చి మళ్లీ స్టార్టయితే ట్యాంకులోకి గాలి వెళ్లే బ్రీదర్ మూసుకుపోయింది.

పంపు మీది ఓవర్‌ఫ్లో వాల్వును కూడా తప్పక చూడాలి. చూడటానికి మామూలు బాంజో బోల్టులాగే ఉంటుంది, లోపల బంతి, స్ప్రింగు ఉంటాయి. అది పోతే కొందరు మామూలు బోల్టే బిగించేస్తారు. అప్పుడు డీజిల్ అంతా ట్యాంకుకు తిరిగివెళ్లే రిటర్న్ పైపులోకి పోయి, పంపు గ్యాలరీలో (ఎలిమెంట్లకు డీజిల్ అందే లోపలి గదిలో) ప్రెషరు నిలవదు. పాపం పంపుకు నింద పడేది ఇలాగే.

లైను శుభ్రమని తేలాకే నాజిళ్ల వంతు. బండి స్లోలో ఉండగా 17 లేదా 19 పానాతో నాజిలుకు వెళ్లే హైప్రెషర్ పైపు నట్టును ఒక్కొక్కటిగా వదులు చేయాలి. చిమ్మే డీజిల్‌కు చెయ్యి అడ్డం పెట్టొద్దు, చర్మంలోకి దూసుకుపోతుంది. వదులు చేసినప్పుడు ఇంజిను ముందుకన్నా ఎక్కువగా కుంటితే ఆ సిలిండరు పని చేస్తోంది. ఏ తేడా రాకపోతే మిస్సింగ్ (సిలిండరు మండకపోవడం) అక్కడే. ఆ నాజిలును పక్క సిలిండరుకు మార్చండి, కింద కొత్త రాగి వాషరు వేయడం మరవొద్దు. మిస్సింగ్ నాజిలుతో పాటే వెళ్తే నాజిలే దొంగ, ఒక్కటి టెస్టింగ్‌కు ఇస్తే సరిపోతుంది. ఆరూ మార్చాల్సిన పని లేదు.

మిస్సింగ్ అదే సిలిండరులో ఉండిపోయి, కంప్రెషన్ కూడా బాగుంటే, అప్పుడు తప్పు పంపులో ఆ సిలిండరుకు డీజిల్ నెట్టే ఎలిమెంటుదో, దాని మీది డెలివరీ వాల్వుదో. శుభ్రమైన డీజిల్ అందుతున్నా స్లో పైకీ కిందికీ ఊగుతుంటే గవర్నరు (ఇంజిను వేగాన్ని అదుపు చేసేది) లేదా ర్యాక్ (డీజిల్ మోతాదు మార్చే కడ్డీ) పట్టేస్తోంది. ఇంజిను అడుగున ఆయిల్ ఉండే సంపులో లెవెల్ పెరిగి డీజిల్ వాసన వస్తే ఫీడ్ పంపునూ, ఎలిమెంట్లనూ అనుమానించాలి. ఇవి కనిపిస్తే ల్యాబుకు ఇవ్వడంలో ఆలస్యం చేయొద్దు. విప్పేముందు పంపు ఇంజినుకు కలిసే కప్లింగుకు, ఫ్లాంజికి గుర్తు పెట్టించండి, లేకపోతే టైమింగ్ కొత్త తలనొప్పి అవుతుంది. ల్యాబులో ఫుల్ లోడు డెలివరీ ఒక్కటే చూసి పంపేస్తే ఒప్పుకోవద్దు. స్లో డెలివరీ అన్ని ఎలిమెంట్లకూ సమానంగా వస్తోందో బెంచి మీద దగ్గరుండి చూడండి.

టాపెట్ సెట్టింగ్ (వాల్వుల సందు సరిచేయడం) ఎలాగూ చేయించాలి. 6బీటీకి చల్లటి ఇంజిను మీద ఇన్‌లెట్ 0.25, ఎగ్జాస్ట్ 0.51 మిల్లీమీటర్లు. ఎయిర్ ఫిల్టరు, ఇంజిను మౌంటింగులు ఒక చూపు చూస్తే చాలు.

స్లో స్క్రూ తిప్పి రేస్ (స్లోలో ఇంజిను వేగం) పెంచడం మాత్రం వద్దు. బండి ఆగిపోవడం తగ్గుతుంది, గాలి పట్టేది పడుతూనే ఉంటుంది, మైలేజీ పోతుంది. ఎవరైనా ఇప్పటికే తిప్పి ఉంటే, పరీక్షలు మొదలుపెట్టే ముందే దాన్ని కంపెనీ చెప్పిన ఆర్పీఎంకు తెచ్చుకోవాలి. లేకపోతే పెంచిన రేసులో ఊగుడు కనిపించక పరీక్షలన్నీ తప్పు చెబుతాయి.