'వేలాన్ లైవ్' రికార్డులో రాల్ఫ్ మూనీ పెడల్ స్టీల్: చెవిపెట్టి వినాల్సిన నాదం

అమెరికా పల్లె పాటల్లోంచి పుట్టిన కంట్రీ సంగీతంలో పేరున్న గాయకుడు వేలాన్ జెన్నింగ్స్ గొంతు కోసమే ఈ రికార్డు వినేవాళ్ళు ఎక్కువ. ఈ సమీక్ష మాత్రం ఆయన వెంట పెడల్ స్టీల్ గిటార్ వాయించిన రాల్ఫ్ మూనీ నాదం గురించి. 1974 సెప్టెంబరులో టెక్సాస్‌లోని డాలస్, ఆస్టిన్ నగరాల్లో జనం ముందు పాడుతుండగా రికార్డు చేసిన పాటలివి. ఆల్బంగా 1976 చివర్లో వచ్చాయి. కాజీపేట, ఫాతిమానగర్ వైపు చర్చి క్వయర్లలో గిటారో కీబోర్డో వాయించేవాళ్ళకూ, హనుమకొండలో వీణ నేర్చుకునే పిల్లలకూ స్టీల్ నాదం రుచి చూపించాలంటే ముందు దీన్నే వినిపించాలి.

వాద్యం సంగతి కొంచెం తెలిస్తే వినడం తేలికవుతుంది. మన గోటువాద్యం లాగే దీనికీ మెట్లు ఉండవు, తీగల మీద బరువైన ఉక్కు కడ్డీని జరుపుతూ వాయిస్తారు. కడ్డీ కింద కనబడే గీతలు కంటికి గుర్తులే, చేతికి ఆసరా ఏమీ ఇవ్వవు. కంట్రీ సంగీతంలో ఎక్కువగా వాడే ఈ9 శ్రుతిలో 10 తీగలుంటాయి. మూడో తీగ సన్నది, 0.011 అంగుళాలు, సెకనుకు 415 కంపనాలు. పదోది లావుది, 0.036 అంగుళాలు, సుమారు 123 కంపనాలు. అసలు కిటుకు కాళ్ళ దగ్గరుంది. 'ఈ'ని షడ్జం అనుకుంటే ఖాళీ తీగల మీద స-గ-ప పలుకుతుంది. ఎ, బి అనే కాలి పెడళ్ళు రెండూ తొక్కితే గాంధారం శుద్ధ మధ్యమానికి, పంచమం చతుశ్రుతి ధైవతానికి జారతాయి. షడ్జం మాత్రం కదలదు. కీబోర్డులో పిచ్ బెండ్ చక్రం తిప్పితే అన్ని స్వరాలూ కట్టగట్టుకుని జారతాయి. ఇక్కడ ఒకటి నిలబడి ఉండగా దాని పక్కనున్నవి కదులుతాయి. మనసును మెలిపెట్టే ఆ జారుడు పుట్టేది అక్కడే. ఇలా మోగుతున్న తీగను పెడల్‌తో జార్చడం జనానికి తెలిసింది కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ పాడిన ఒక పాటతో. 1954లో వచ్చిన ఆ రికార్డులో స్టీల్ వాయించినది బడ్ ఐజాక్స్.

మూనీ నాదం తేనెలా పారేది కాదు. తీగను బ్రిడ్జికి, అంటే తీగ చివర ఆనుకునే చోటికి, దగ్గరగా మీటినప్పుడు వచ్చే ఖంగుమనే మెరుపు అందులో ఉంటుంది. స్వరం పలికీ పలకగానే అరచేతి అంచుతో తీగను నొక్కి ఆపేయడం వల్ల ప్రతి స్వరం గింజ గింజగా విడిపడి వినిపిస్తుంది. మామూలు మాటల్లో చెప్పాలంటే ఈ స్టీల్ ఏడవదు, గంతులేస్తుంది. స్టీల్ అంటే విషాదమే అనుకునేవాళ్ళ చెవికి ఇది కొత్తగా ఉంటుంది. ఇలాంటి నాదాన్ని జనం ముందు నిలబెట్టడం కష్టం. మెత్తటి నాదంలో చిన్న పొరపాటు కలిసిపోతుంది. ఇంత స్పష్టమైన నాదంలో కడ్డీ వెంట్రుకవాసి తప్పినా దొరికిపోతుంది.

వినే పద్ధతి ఇదీ. ఫోన్ స్పీకరు వద్దు, తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. ఫోన్‌లో బాస్ బూస్ట్, సరౌండ్ లాంటివి ఉంటే అన్నీ తీసేయండి. బాస్ ఎక్కువైతే డ్రమ్ము, బాస్ గిటార్ కలిసి స్టీల్ కింది మూడు తీగలను మింగేస్తాయి. 'రెయినీ డే ఉమన్' పాట 1974 నాటి స్టూడియో రూపాన్ని ముందు రెండుసార్లు వినండి, తర్వాత ఇదే రికార్డులోని లైవ్ రూపం వినండి. మొదటిసారి పాట వదిలేసి స్టీల్ ఒక్కదాన్నే వెంబడించండి. రెండోసారి గాయకుడు ఊపిరి తీసుకునే చోట మూనీ ఏం చేస్తున్నారో చూడండి. వేలాన్ వాయించే టెలికాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్ కూడా దాదాపు ఇదే స్థాయిలో మోగుతుంది కాబట్టి రెండూ ఒకేసారి మాట్లాడితే గందరగోళమే. అలా కాకుండా ఉండటం ఇద్దరి వివేకం.

శ్రుతి విషయంలో తొందరపడి తప్పు పట్టకండి. కీబోర్డుకు అలవాటు పడ్డ చెవికి స్టీల్ గాంధారం కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది. చాలామంది స్టీల్ కళాకారులు గాంధారాన్ని కీబోర్డు కంటే సుమారు 14 సెంట్లు (కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) తగ్గించి కలుపుకుంటారు. తంబూరా తీగలోంచి తనంతట తాను పలికే అంతర గాంధారం కూడా ఆ స్థానంలోనే ఉంటుంది. అంటే తంబూరా దగ్గర పెరిగిన చెవికి ఈ గాంధారమే ఇంపుగా ఉండాలి. నిజమైన తప్పులు వేరు. పెడల్ తొక్కినప్పుడు గిటార్ చట్రం సన్నగా వంగి, కదలకూడని తీగలు కూడా కొద్దిగా దిగిపోతాయి. వాయించేవాళ్ళు కడ్డీని పక్క నుంచి చూస్తే గీతకు ఇవతలో అవతలో ఆపుతారు. స్టేజీ లైట్ల వేడికి శ్రుతి కదులుతుంది. స్టూడియోలో అయితే మళ్ళీ వాయించి సరిచేస్తారు, ఇక్కడ ఆ వీలు లేదు. లైవ్ రికార్డులో నిలకడైన శ్రుతి వింటే గౌరవం కలిగేది అందుకే.

నెమ్మది పాటల్లో కుడి పాదాన్ని కూడా వినొచ్చు. తీగ మీటగానే నాదం తగ్గడం మొదలవుతుంది, ఆ తగ్గుదలకు సరిపడా వాల్యూమ్ పెడల్‌ను తొక్కుతూ పోతారు. సరిగ్గా చేస్తే స్వరం దీర్ఘంగా నిలుస్తుంది. తొందరపడితే స్వరం మధ్యలో ఉబ్బినట్టు తెలిసిపోతుంది. గుయ్యిమనే హోరు ఏదైనా వినిపిస్తే అది రికార్డుదో మన ఇంటిదో తేల్చడానికి ట్యూనర్ యాప్ చాలు. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్ళు, హోరు 50 దగ్గరో 100 దగ్గరో చూపిస్తుంది. అమెరికాలో 60 సైకిళ్ళు, అక్కడి హోరు 60 లేదా 120. యాప్ 100 చూపిస్తే ముందు ఛార్జర్ తీసేసి వినండి, ఎర్తింగ్ సరిగా లేని ఇళ్ళలో చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది.

లోటు లేకపోలేదు. జనం కేకలు, చప్పట్లు స్టీల్ స్వరం కొసలను కప్పేస్తాయి. స్వరం ఎలా ఆగిపోతుందో నేర్చుకోవాలనుకునేవాళ్ళకు అదే విలువైన భాగం, అదే పోతుంది. నిలిచే నాదం ఇష్టమైనవాళ్ళు మరో కంట్రీ గాయకుడు బక్ ఓవెన్స్ బృందం 1966 మార్చి 25న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో చేసిన కచేరీ రికార్డు వినాలి. అందులో స్టీల్ టామ్ బ్రమ్లీది. మూనీ కంటే గుండ్రటి నాదం, స్వరాల మధ్య జారుడు పొడుగు. రెండింటినీ ఒకే సాయంత్రం, ఒకే ఇయర్‌ఫోన్‌తో, వాల్యూమ్ మార్చకుండా వినండి. వాద్యం ఒకటే అయినా చేయి మారితే నాదం ఎంత మారుతుందో అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.

'వేలాన్ లైవ్' కొనేటప్పుడు 1976 నాటి పొట్టి కూర్పు కాకుండా 2003లో రెండు సీడీలుగా పెంచి తెచ్చినది తీసుకోండి. స్టీల్ వినాలనుకునేవాళ్ళకు పాటలు ఎక్కువగా దొరికేది అందులోనే.