11,800 బిల్లు, 450 రిపేరు: మా అరకు ప్రయాణం

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో అరకు అందాల గురించి పెద్దగా ఉండదు. బొర్రా గుహలు, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం అన్నీ చూశాం, బాగున్నాయి. నేను రాస్తున్నది విశాఖలో 11,800 గుంజిన గ్యారేజీ గురించి, శృంగవరపుకోటలో (ఎస్.కోటలో) 450 తీసుకున్న పెద్దాయన గురించి.

మా బండి 2009 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ. ఏడుగురు పడతారు, 2,10,000 కిలోమీటర్లు తిరిగింది. అమ్మేయమని మా ఆవిడ మూడేళ్లుగా పోరుతోంది. డిసెంబరులో ఒక సాయంత్రం రాజమండ్రి నుంచి బయల్దేరాం. నేను, మా ఆవిడ, అత్తగారు, బావమరిది, ఇద్దరు పిల్లలు. తుని దగ్గర చీకటిపడితే లైట్లు వేశాను. కాసేపటికి చూస్తే టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పాకుతోంది. ఎలాగో విశాఖ చేరి చుట్టాలింట్లో పడుకున్నాం. పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజను నీరసంగా మూలిగి, నాలుగోసారికి అందుకుంది.

టెన్షన్ పడి పెద్ద గ్యారేజీకే తీసుకెళ్లాను. ఏసీ హాలు, కాఫీ మిషను, చేతిలో ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు. బానెట్ ఎత్తి రెండు నిమిషాలు చూశాడో లేదో, "రేడియేటర్ మార్చాలి సార్, ఆల్టర్నేటర్ కూడా వీక్" అని 42,000 ఎస్టిమేట్ చేతిలో పెట్టాడు. ఆల్టర్నేటరంటే ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది. బేరమాడితే కొత్త థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే మూత), రేడియేటర్ మూత, కూలెంట్, "ఎలక్ట్రికల్ చెకప్" అన్నీ కలిపి 11,800కి దిగాడు. ఐదున్నర గంటలు పట్టింది. అత్తగారు ఆ ఐదున్నర గంటలూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోతేనే నాకు భయం. నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని, పాత సామాను ఇమ్మని అడిగి తీసుకోవడం. మీరూ అడగండి, మొహమాటపడకండి.

ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కాం. అనంతగిరి దగ్గర పొగమంచు కమ్మింది. లైట్లు, వైపర్లు వేశాను. ముల్లు తిన్నగా ఎర్ర గీత మీదకి వెళ్లి కూర్చుంది. పక్కకి ఆపి, ఇంజను నడుస్తుండగానే బానెట్ ఎత్తాం. ఆవిరి లేదు. కూలెంట్ ట్యాంకులో మట్టం ఎక్కడిదక్కడే ఉంది. గుడ్డ వేసి పైపు నొక్కితే మరీ బిగుసుకుని కూడా లేదు. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోలేదు, వేడి మీద దాన్ని తిప్పితే మొహం కాలుతుంది. ఇంతలో లోపల కూర్చున్న బావమరిది బ్యాటరీ అయిపోతుందని లైట్లు ఆర్పాడు.

"బావా, ముల్లు దిగిపోయింది!"

"మళ్లీ వెయ్యి."

ఎక్కింది. ఆర్పితే దిగింది. పిల్లలకి అదో ఆటయింది. మరిగే నీళ్లు స్విచ్ నొక్కగానే చల్లారవు కదా! అంటే ముల్లు చెప్పేది అబద్ధం. ఎందుకు చెబుతోందో మాత్రం ఇద్దరికీ తెలియలేదు. పార్కింగ్ లైట్లతో, హారన్ కొట్టుకుంటూ నెమ్మదిగా అరకు చేరాం.

లాడ్జి గురించి చెప్పాలి. రెండు గదులకి 5,600. గీజర్ ఉందన్నారు, ఉంది కూడా, గోడకి అలంకారంగా. వేడినీళ్లు బకెట్ 30 రూపాయలు, అదీ ఆరు నుంచి ఎనిమిది లోపే. ఆ చలికి ఒక్క పల్చటి రగ్గు ఇచ్చి, ఇంకోటి అడిగితే 100 అన్నారు. ఆ రెండోదానికి పాత చేపల వాసన. మా ఆవిడ దాన్ని చివరలు పట్టుకుని తీసుకెళ్లి కౌంటర్ మీద పెట్టి వచ్చింది.

పొద్దున బండి "టిక్ టిక్" తప్ప ఇంకేం అనలేదు. జంప్ వైర్లకి 500 అన్నాడు మేనేజరు. అతని బండి నుంచి రెండు వైర్లూ మా బ్యాటరీకే తగిలించాం. మళ్లీ టిక్ టిక్. అటుగా వెళ్తున్న జీపు డ్రైవరొకడు ఆగి, నల్ల వైరు మా బ్యాటరీ మీంచి తీసి ఇంజను మీద ఉన్న లావుపాటి బోల్టుకి పట్టించాడు. ఒక్క దెబ్బకి స్టార్ట్! "బేటరీ కాదు సార్, ఎర్త్ చూపించుకోండి" అని టీ తాగి వెళ్లిపోయాడు, డబ్బు ముట్టలేదు. మేనేజరు మాత్రం 500కి చెయ్యి చాచాడు. అప్పుడు నోరు విప్పారు మా అత్తగారు. 200కి తెగింది.

దారిలో బొంగులో చికెన్ తిన్నాం, కిలో 800. నూనె చుక్క లేదు. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. బొంగు చీల్చగానే వచ్చిన ఆ వాసనకి అత్తగారు మూడు రోజుల్లో మొదటిసారి నవ్వారు. నాకు బాగా పెద్ద ముక్క వేశారు కూడా.

ఎస్.కోటలో వాకబు చేస్తే ఒక వేపచెట్టు కింద రేకుల షెడ్ చూపించారు. బోర్డు కూడా లేదు. "ఏటయ్యింది బాబూ?" అన్నాడు పెద్దాయన. కథంతా చెప్పాను. రేడియేటర్ వైపు చూడనేలేదు. ఇంజను నడుస్తుండగా వోల్టు మీటరు ముళ్లు ఆల్టర్నేటర్‌కే పెట్టాడు, 14.2 వోల్టులు. బ్యాటరీకి పెట్టాడు, 13.0. "కరెంటు పుడతంది బాబూ, బేటరీకి ఎళ్లట్లేదు." తర్వాత ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజను మీద పెట్టి నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. 2.3 వోల్టులు చూపించింది. అసలైతే అక్కడ అర వోల్టు కూడా ఉండకూడదట.

బండి కిందకి దూరి, ఇంజను నుంచి ఛాసిస్‌కి (బండి ఇనప చట్రానికి) వెళ్లే అల్లిక తీగ పట్టీ, అదే జీపు డ్రైవరు చెప్పిన ఎర్త్, ఊడదీసి తెచ్చాడు. జడలా ఉండాల్సింది సగం పోగులు తెగి, బోల్టు చోట ఆకుపచ్చటి పొడి పట్టి ఉంది. వేళ్లతో నలిపితే రాలిపోయింది. లైట్ల కరెంటు ఇంజనుకి తిరిగి వెళ్లే దారి అదే. అది చెడితే కొత్త బ్యాటరీ వేసినా నిండదు, సెల్ఫ్ ఈడ్వలేదు, లైట్లు వేస్తే టెంపరేచర్ ముల్లు ఊరికే ఎక్కుతుంది. మూడు జబ్బులకీ అదే మూలం. గరుకు కాగితంతో బోల్టు చోటు మెరిసేదాకా రుద్ది, కొత్త పట్టీ బిగించి, గ్రీజు రాశాడు. మళ్లీ కొలిస్తే 0.15. పట్టీకి 200, కూలి 250. ముప్పావు గంట.

పదేళ్లు దాటిన బండి ఉన్నవాళ్లు ఒక చిన్న వోల్టు మీటరు కొనుక్కుని డ్యాష్‌బోర్డులో పడేసుకోండి, 300కి దొరుకుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ 12.6 దగ్గర ఉండాలి, ఇంజను నడుస్తుంటే 14 అటూ ఇటూ. ముల్లు ఎర్ర గీతకి వెళ్తే మాత్రం ముందు బండి ఆపండి, ఆ తర్వాతే మా బావమరిదిలా స్విచ్చులతో ఆడుకోండి. ఆవిరి వచ్చినా, కూలెంట్ తగ్గినా అది నిజమైన వేడే.

ఇంటికొచ్చాక ఆ గ్యారేజీ వాళ్లు "పాడైపోయింది" అని తీసిన పాత థర్మోస్టాట్ బయటికి తీశాను. 82 అని దాని మీదే చెక్కి ఉంది, అంటే 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. పొయ్యి మీద నీళ్లు పెట్టి అందులో వేశాను. నీళ్లు కాగేసరికి శుభ్రంగా నోరు తెరిచింది. చల్లార్చితే మూసుకుంది. బావమరిది వీడియో తీస్తుంటే మా ఆవిడ వంటింట్లోకి వచ్చి పొయ్యి వైపు చూసింది.

"అది పాలగిన్నె కదండీ?"