ఏడేళ్లుగా నా చేతిలో కార్బన్ ఫైబర్ కమాను

2018 ఆగస్టులో కొన్న కార్బన్ ఫైబర్ వయొలిన్ కమానుతోనే ఇవాళ పొద్దున కూడా సాధన చేశాను. రోజూ రెండు గంటల సాధన, సాయంత్రం పిల్లల పాఠాలు, నెలకు మూడో నాలుగో కచేరీలు, వాటిలో ఎక్కువ గాత్రానికి పక్కవాద్యం. అన్నింటికీ అదే కమాను. ఈ ఏడేళ్లలో కమానుకి కట్టే గుర్రపు వెంట్రుకలు ఎనిమిది సార్లు, బొటనవేలి దగ్గరి తోలు రెండు సార్లు మార్పించాను. కర్ర మాత్రం కొన్న రోజు ఎంత తిన్నగా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. పాఠాలకు వచ్చే పిల్లల అమ్మానాన్నలు "మేడం, కార్బన్ కొనొచ్చా?" అని అడుగుతూనే ఉంటారు. వాళ్లకి హడావుడిలో సగం సగం చెప్పే సంగతులన్నీ ఇక్కడ కుదురుగా రాస్తున్నాను. నేను వాయించేది కర్ణాటక సంగీతం, ఉండేది విశాఖపట్నంలో. ఈ రెండూ గుర్తుపెట్టుకుని చదవండి, ఎందుకంటే కమాను ఎంపికలో రెండూ లెక్కలోకి వస్తాయి.

అంతకు ముందు పద్నాలుగేళ్లు నా దగ్గర ఉన్నది చెక్క కమాను. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకునేటప్పుడు మా గురువుగారు ఇచ్చారు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1919లో ఆచార్యులుగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయిన కళాశాల అది. మా గురువుగారి పాఠం ఎప్పుడూ కుడిచేతితోనే మొదలయ్యేది. ఎడమచేతి వేళ్లు తీగల మీద పెట్టనివ్వకుండా నెల రోజులు ఉత్తి షడ్జం (స) మీద కమాను మొదలు నుంచి కొస దాకా, కొస నుంచి మొదలు దాకా లాగించారు. అలాంటి చోట నుంచి వచ్చినదాన్ని కాబట్టి కమాను విషయంలో నేను కొంచెం పట్టింపు మనిషిని.

ఆ చెక్క కమాను సముద్రపు గాలికి తట్టుకోలేకపోయింది. వానాకాలం వస్తే కర్ర పక్కకి వంగేది. ఫ్రాగ్ (చేత్తో పట్టుకునే చోట వెంట్రుకలు బిగించి ఉండే ముక్క) వైపు నుంచి కన్ను పెట్టి చూస్తే కొస కుడివైపుకి వాలి కనిపించేది. మరమ్మతు చేసేవాళ్లు రెండు సార్లు మంట సెగ చూపించి సరిచేశారు. చెక్కకి ఉన్న గొప్ప సుగుణం అదే, వేడి చేస్తే మళ్లీ దారికి వస్తుంది. కానీ 2017లో ఒక గుడి మంటపంలో కచేరీ అయ్యాక లేస్తుంటే కమాను చేయి జారి, కొస కిందకి వచ్చేలా రాతి నేల మీద పడింది. తల భాగం చెక్క పొర వెంట చీలిపోయింది. అతికించారు గాని, తర్వాత ఎప్పుడు బిగించినా మళ్లీ ఊడుతుందేమో అని టెన్షన్. భయంతో వాయిస్తే కమాను ఎక్కడ నిలుస్తుంది!

కంగారులో ఆన్‌లైన్‌లో 3,800 రూపాయలకి ఒక "కార్బన్ ఫైబర్" కమాను తెప్పించాను. నల్లగా నిగనిగలాడుతూ, చిన్న చిన్న గళ్ల నేతతో చూడటానికి చాలా బాగుంది. వాయిస్తే ఇనుప చువ్వ పట్టుకున్నట్టుంది. మా వీధిలో బంగారం కొట్టు ఆయన్ని అడిగి త్రాసులో పెట్టించాను. 68 గ్రాములు. వయొలిన్ కమాను మామూలుగా 60 గ్రాములకి రెండు మూడు గ్రాములు అటూ ఇటూ ఉంటుంది. ఎనిమిది గ్రాములే కదా అనిపిస్తుంది గాని, బరువు కొసవైపు ఉంటే మూడు గంటల కచేరీలో ఆ ఎనిమిది గ్రాములు మణికట్టుకి బాగా తెలుస్తాయి. చూపుడు వేలి మీద ఆనించి కమాను ఎక్కడ సమంగా నిలబడుతుందో చూశాను. వెంట్రుకలు బిగించే స్క్రూ చివర నుంచి 28 సెంటీమీటర్ల దగ్గర నిలబడింది. నా పాత చెక్కది 25 దగ్గర నిలిచేది. తర్వాత చెన్నైలో ఒక వాద్యాల పనివాడు చూసి, లోపల ఉన్నది ఫైబర్‌గ్లాస్, పైన పలచగా ఒక పొర కార్బన్ నేత చుట్టారు అన్నాడు. గళ్లు కనిపించినంత మాత్రాన కార్బన్ కమాను అయిపోదని నాకు అప్పుడే తెలిసింది. అసలు మంచి కార్బన్ కమాన్లలో కొన్నింటికి గళ్లే కనిపించవు. నల్లగా ఉండేవి, చెక్కలా కనిపించేలా రంగు వేసినవి కూడా ఉన్నాయి.

ఆ దెబ్బతో రెండోసారి తొందరపడలేదు. నా వయొలిన్ నేనే మోసుకుని చెన్నై వెళ్లాను. ఈ ఒక్క మాట మాత్రం మర్చిపోకండి: కమాను చూడటానికి వెళ్లేటప్పుడు మీ వాద్యం మీరు తీసుకెళ్లాలి. కొట్టువాళ్ల వయొలిన్ మీద బాగా పలికిన కమాను మీ దానిమీద ముక్కుతో మాట్లాడినట్టు పలకొచ్చు. ఆరు కమాన్లు ముందు పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను, నిజంగానే కింద చాప వేయించుకుని, వయొలిన్ తల కుడి పాదం మీద ఆనించి. నిలబడి భుజం మీద పెట్టుకుని పరీక్షిస్తే మనకి ఏమీ తెలియదు. కూర్చుని వాయించేటప్పుడు చేయి కదిలే దారే వేరు.

అక్కడ నాకు బాగా అర్థమైన సంగతి కర్ర బిరుసు గురించి. పాశ్చాత్య సంగీతంలో కమాను తీగల మీద ఎగిరిపడాలి, చప్పున వెనక్కి రావాలి. అందుకని కర్ర బిరుసుగా ఉంటే చాలామందికి ఇష్టం. కంపెనీలు కూడా దాన్ని గొప్పగా చెబుతాయి. మన తీగల సంగతి వేరు. మగ గొంతుకి పక్కవాద్యం అంటే శృతి (ఆధార స్వరం) ఒకటో ఒకటిన్నరో, అంటే బాగా కింద ఉంటుంది. అంత దించి స, ప, స, ప అని శృతి చేస్తే తీగలు బాగా వదులుగా ఉంటాయి. వదులు తీగ మీద బిరుసు కర్ర పెడితే నాదం గొంతు నొక్కినట్టు అయిపోతుంది, గీరు శబ్దం పైకి వస్తుంది. అదే కమాను ఐదున్నర శృతిలో, ఆడ గొంతుకి వాయించేటప్పుడు, తీగలు బిగువుగా ఉంటాయి గనుక చక్కగా పలుకుతుంది. నేను వయొలిన్‌ని మొదట ఐదున్నరలో, తర్వాత ఒకటిన్నరలో శృతి చేసుకుని ఆరింటినీ రెండు సార్లు చూశాను. మొదటి రౌండులో నాకు బాగా నచ్చిన కమాను రెండో రౌండులో పూర్తిగా వెనకబడింది. కొట్టాయన దగ్గర అన్నింటికంటే ఖరీదైనది అదే.

ఏమేం వాయించి చూశానో చెబుతాను. ముందు షడ్జం మీద ఒక్క పొడవు కమాను, ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా. మధ్యలో ఎక్కడైనా వణికితే కర్రలో ఆ చోట ఏదో తేడా ఉందన్నమాట. తర్వాత భైరవి అటతాళ వర్ణం రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో. గమకం (స్వరాన్ని ఊపడం) మధ్యలో కమాను దిశ మారినా చెవికి తెలియకూడదు. ఆ తర్వాత తోడి ఆలాపన కొంచెం, కొస దగ్గరే వాయిస్తూ. కొస దగ్గర నాదం పలచబడటం అన్ని కమాన్లకీ ఉంటుంది, కానీ కొన్ని పలచబడతాయి, కొన్ని చచ్చిపోతాయి. చివర మూడో కాలంలో స్వరకల్పన, తీగ నుంచి తీగకి గబగబా. ఇంత చూశాక మిగిలింది ఒకటే. 61 గ్రాములు, కర్ర మధ్యలో కొంచెం మెత్తన, అమెరికా తయారీ, మధ్యస్థ మోడల్. అప్పట్లో ముప్పై వేలు దాటింది. నా స్థితికి అది పెద్ద ఖర్చే. ఇంట్లో ఒప్పించడానికి పది రోజులు పట్టింది.

ఇప్పుడు నాదం గురించి. మంచి చెక్క కమానుతో సమానమా అని అడిగితే, కాదనే చెబుతాను. మంచి చెక్క అంటే పెర్నాంబుకో. బ్రెజిల్ దేశానికి ఆ పేరు రావడానికి కారణమైన చెట్టు అది. పద్దెనిమిదో శతాబ్దం చివర పారిస్‌లో ఫ్రాన్స్వా తూర్త్ అనే కమాన్ల పనివాడు కమానుకి ఇప్పుడున్న రూపం ఇచ్చినప్పటి నుంచి దానికి సాటి చెక్క లేదు. విపరీతంగా నరకడంతో, 2007లో దాన్ని సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) రెండో జాబితాలో చేర్చి వ్యాపారాన్ని అదుపులో పెట్టారు. అమెరికాలో కోడాబో, జాన్‌పాల్, జర్మనీలో ఆర్కస్ లాంటి కంపెనీల కార్బన్ కమాన్లకి ఇంత ఆదరణ రావడానికి ఆ చెక్క కరువు కూడా ఒక కారణం. నా కార్బన్ కమాను కొన్న కొత్తలో మా అక్కని వెనక్కి తిప్పి కూర్చోబెట్టి రెండింటితోనూ వాయించాను, తేడా చెప్పలేకపోయింది. గురువుగారి దగ్గరికి వెళ్లి ఏమీ చెప్పకుండా ఖరహరప్రియ రాగం వాయించాను. కళ్లు మూసుకుని విన్నారు. "ఇది కర్ర కాదు కదమ్మా" అన్నారు. ఎలా తెలిసిందండీ అంటే, మంద్రంలో (కింది స్థాయిలో) కొంచెం బోలుగా ఉంది, తారలో (పై స్థాయిలో) బాగుంది అన్నారు. ఏడేళ్ల తర్వాత కూడా ఆ మాటకి ఒక్క అక్షరం మార్చాల్సిన పని లేదు. మంద్ర షడ్జం మీద చెక్క ఇచ్చే ఆ గరుకు, ఆ బరువు ఇందులో తక్కువ. నెమ్మదిగా, ఒత్తిడి తగ్గించి, ఫ్రాగ్ వైపు ఎక్కువ వాడితే కొంత వస్తుంది. అది అలవాటు కావడానికి నాకు నాలుగైదు నెలలు పట్టింది.

అయినా దీన్ని ఎందుకు వదల్లేదంటే, కమాను గురించి ఆలోచించాల్సిన అవసరం పోయింది. ఆరుబయట పందిట్లో, జూలై ఉక్కలో, ఏసీ హాల్లో, ఎక్కడ తీసినా చేతికి అదే కర్ర. త్యాగరాజ ఆరాధనల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా పది మందికి పక్కవాద్యం వాయించిన రోజులున్నాయి. ఒకసారి వేదిక మీద నుంచి పడింది కూడా, ఏమీ కాలేదు. అందుకని పగలదని అనుకోకండి. వెంట్రుకలు బిగించి ఉండగా కొస నేలకి తగిలేలా గట్టిగా పడితే కార్బన్ తల కూడా చిట్లుతుంది. చిట్లితే, వంగితే, చెక్కలాగా వేడి చేసి సరిచేయడం కుదరదు. అది అక్కడితో సరి.

ఇంకో అపోహ కూడా ఉంది. కార్బన్ అయితే తేమ బాధ ఉండదని అందరూ అంటారు. కర్రకి ఉండదు, వెంట్రుకలకి ఉంటుంది. అవి గుర్రపు తోక వెంట్రుకలే కదా. తేమలో సాగుతాయి, పొడి గాలిలో కుంచించుకుపోతాయి. విశాఖలో కచేరీ మధ్యలో వదులైతే స్క్రూ ఒక చుట్టు తిప్పుతాను. అమెరికాలో ఉన్న నా శిష్యురాలికి దీనికి తలకిందులు. చలికాలం ఇంట్లో హీటర్ వేస్తే, వదులు చేసి పెట్టిన కమాను కూడా పొద్దునకి బిర్రుగా అయిపోతోంది అని ఫోన్ చేసింది. పూర్తిగా వదులు చేసి పెట్టుకోమన్నాను. కార్బన్ కదా అని బిగించి వదిలేసేవాళ్లని చూశాను, వెంట్రుకలు ఊరికే సాగిపోతాయి. అన్నట్టు, ఆ అమ్మాయి విమానాల్లో ఎక్కువగా తిరుగుతుంది. పాత చెక్క కమాన్ల కొసకి ఏనుగు దంతం ముక్క ఉండేది, అలాంటివి అమెరికా తీసుకెళ్తే కాగితాల గొడవ. కార్బన్ కర్రకి ఆ బెంగ లేదు. ఫ్రాగ్‌కి, కొసకి ఏం వాడారో మాత్రం కొనేటప్పుడే అడగండి.

వెంట్రుకలు మార్పించడం గురించి కొనే ముందు ఎవరూ నాకు చెప్పలేదు. ఆ చవక కమాను వెంట్రుకలు మార్పిద్దామని తీసుకెళ్తే, పనివాడు తల లోపలి మేకు ముక్కని చూపించి, దీన్ని జిగురుతో అంటించేశారు, తీస్తే తల పగులుతుంది, నావల్ల కాదు అన్నాడు. మేకు ముక్క అంటే వెంట్రుకల కొసని గాడిలో బిగించి ఉంచే చిన్న చెక్క బిళ్ల. అది ఊడొచ్చేలా ఉంటేనే ఆ కమానుకి రెండో జన్మ. కాబట్టి కొనేటప్పుడే, మీకు తెలిసిన మరమ్మతు మనిషికి ఫోటో పంపి అయినా, "దీనికి వెంట్రుకలు మారుస్తారా?" అని కనుక్కోండి. మంచి కంపెనీల కమాన్లతో నాకు ఈ ఇబ్బంది రాలేదు.

కర్రకి వయసు రాకపోయినా మిగతా భాగాలకి వస్తుంది. మా ఊరి ఉప్పు గాలికి, చెమటకి ఉక్కు స్క్రూ తుప్పు పట్టింది. మూడో ఏడు బిగిసిపోయి తిరగనంది. ఇప్పుడు రెండు నెలలకోసారి స్క్రూ పూర్తిగా తీసి, తుడిచి, కొవ్వొత్తి మైనం కొంచెం రాస్తాను. చుట్టిన వెండి తీగ నల్లబడింది, చూపుడు వేలు ఆనేచోట మెరుపు పోయింది. వెంట్రుకలకి రాసే రోజిన్ పొడి మాత్రం వాయించిన వెంటనే పొడి గుడ్డతో తుడిచేస్తే చాలు, కర్ర మీద మరక ఉండదు.

కొత్తగా మొదలుపెట్టే పిల్లలకి ఏం కొనాలని అడిగేవాళ్లకి: మూడు నాలుగు వేల లోపు అయితే కార్బన్ పేరుతో అమ్మేదానికంటే మామూలు చెక్క కమానే నయం, తిన్నగా ఉంటే చాలు. వర్ణాలు దాటి కృతుల్లోకి వచ్చాక, బడ్జెట్ పదిహేను ఇరవై వేలకి చేరితే, అప్పుడు నిజమైన కార్బన్ చూడండి. ఆ ధరలో దొరికే చెక్క కమాన్ల కంటే అదే మేలని నా అనుభవం. చేయి ఇంకా పెరుగుతున్న పిల్లలకి, ముప్పావు సైజు వయొలిన్ వాడేవాళ్లకి, అంత డబ్బు పెట్టొద్దు. కచేరీలు చేసేవాళ్ల దగ్గర మంచి పెర్నాంబుకో ఉంటే దాన్ని అమ్ముకోకండి, కార్బన్ రెండోదిగా ఉంచుకోండి.

గురువుగారిచ్చిన ఆ అతుకుల కమాను నా దగ్గరే ఉంది. కచేరీకి తీసుకెళ్లను. తెల్లవారుజామున ఇల్లు సద్దుమణిగి ఉన్నప్పుడు, మంద్రంలో తోడి వాయించుకోవడానికి దాన్నే తీస్తాను. కార్బన్ కమానుకి వచ్చే నెల తొమ్మిదోసారి వెంట్రుకలు మార్పించాలి. ఈసారి స్క్రూ కూడా కొత్తది వేయిస్తున్నాను.