ధోలావీరాలో రెండు రాత్రులు, లోథల్‌లో రెండు గంటలు

2021 జూలై 25న మా రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చిందని తెలిసి హనుమకొండలో మిఠాయిలు పంచుకున్నాం. రెండు రోజులు తిరక్కుండానే, 27న, అదే సమావేశంలో ఇంకో పేరు చదివారు: ధోలావీరా. మన దేశం నుంచి ఆ జాబితాకెక్కినవాటిలో రామప్ప 39వది, ధోలావీరా 40వది. బళ్ళో సోషల్ చెప్పేవాణ్ణి కాబట్టి ఆ పేరు నాకు కొత్త కాదు. ఏటా ఆరో తరగతి పిల్లలకు సింధు నాగరికత పాఠం చెప్తాను, బోర్డు మీద హరప్పా, మొహెంజొదారో గీస్తాను, గుజరాత్ వైపు ధోలావీరా, లోథల్ అని రెండు చుక్కలు పెట్టి వదిలేస్తాను. ఆ రెండు చుక్కల్నీ చూసొద్దామని 2025 సంక్రాంతి సెలవుల్లో బయల్దేరాం. నేను, మా ఆవిడ, ఇంటర్ చదివే అమ్మాయి, ఇరిగేషన్‌లో ఇంజనీరుగా (ఏఈ) చేస్తున్న మా బావమరిది.

హైదరాబాద్ నుంచి అహ్మదాబాద్‌కి విమానం, అక్కణ్ణుంచి కారు. బండి మాట్లాడుకునేటప్పుడు కిలోమీటరు రేటు ఒక్కటే అడిగితే చాలదు. డ్రైవర్ బత్తా, టోల్, రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లకు లెక్క కడతారో ముందే తేల్చుకోండి. మేం తేల్చుకోలేదు. ధోలావీరాలో కదలకుండా ఉన్న రోజుకీ 300 కిలోమీటర్ల డబ్బు కట్టాం. డ్రైవర్ మాత్రం బంగారం. సూరజ్‌బారీ వంతెన దాటాక రెండు పక్కలా ఉప్పు మడులు కనిపిస్తే, అడక్కుండానే బండి ఆపాడు. రాపర్‌లో డీజిల్ పూర్తిగా నింపి, "ఇక్కడి నుంచి ఏదీ నమ్మొద్దు సాబ్" అన్నాడు. ఫోన్ సిగ్నల్ గురించి కూడా కలిపి అన్నాడని తర్వాత అర్థమైంది.

ధోలావీరా ఉన్నది ఖదీర్ అనే దీవి మీద. దీవి అంటే నీళ్ళ నడుమ కాదు, ఉప్పు నడుమ. చుట్టూరా పెద్ద రణ్, అంటే కచ్‌లోని ఉప్పు ఎడారి. వానాకాలంలో నీళ్ళు నిలుస్తాయి, చలికాలానికి అవి ఆరి తెల్లటి పెచ్చు కడుతుంది. ఎండాకాలం పొరపాటున కూడా వెళ్ళకండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకానే మనలాంటివాళ్ళకు. జనవరిలో పగలు హాయిగా ఉంది గానీ రాత్రి చలి మాత్రం ఎముకలు కొరికింది. ఇంకో సంగతి, అది దేశానికి పడమటి అంచు. పొద్దున ఏడున్నరకి గానీ సూర్యుడు రాడు. మా ఆవిడ ఆరింటికే లేచి, స్నానం చేసి, చీకట్లో కూర్చుని నన్ను తిట్టుకుంది.

బస గురించి. తవ్వకాలకు దగ్గర్లోనే నాలుగైదు చోట్లున్నాయి, గుడారాలు, గుండ్రటి మట్టి ఇళ్ళు. ఆ గుండ్రటి ఇంటిని కచ్‌లో భూంగా అంటారు. మేం మొదటి రాత్రి గుడారం తీసుకున్నాం. ఫొటోలో రణ్ కనపడింది, మా గుడారంలోంచి కనపడింది జనరేటర్. వేణ్ణీళ్ళు బకెట్లో తెచ్చిస్తామన్నారు. తెచ్చేసరికి అవి వేణ్ణీళ్ళు కావు. పేరు చెప్పను, గొడవెందుకు. రెండో రాత్రి ఊళ్ళోకి దగ్గరగా ఉన్న ఇంకోచోట భూంగాలోకి మారాం. డబ్బులు తక్కువ, దుప్పట్లు మందం, గోడలకు మట్టిలో అద్దం ముక్కలు పొదిగిన పని. రాత్రి సజ్జ రొట్టె, బెల్లం, నెయ్యి, మజ్జిగ, కిచిడీ పెట్టారు. రొట్టె వేడివేడిగా పెంక మీంచి పళ్ళెంలోకి వచ్చింది. ఇంట్లో నేను సజ్జ రొట్టె ముట్టను, అక్కడ మూడు తిన్నాను. ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర సీసా ఆ ఇంటివాళ్ళకే ఇచ్చేసి వచ్చింది మా ఆవిడ. నా సలహా ఒకటే: భుజ్ నుంచి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయే టూర్లు వద్దు. ఒక్క రాత్రైనా అక్కడే పడుకోండి.

ఇక అసలు చోటు. ఊరివాళ్ళు ఆ దిబ్బను కోటడా అంటారు. 1960ల చివర్లో పురావస్తు శాస్త్రవేత్త జగత్‌పతి జోషి దాన్ని గుర్తించారు. 1990 నుంచి ఆర్.ఎస్. బిష్త్ ఆధ్వర్యంలో పురావస్తు శాఖ పదమూడు సీజన్లు తవ్వింది. మాకు దొరికిన గైడు తండ్రి ఆ తవ్వకాల్లో తట్ట మోశాడట. ఆ కుర్రాడు చెప్పేవి రెండు రకాలు. తండ్రి దగ్గర విన్నవి, ఎక్కడో వీడియోల్లో చూసినవి. మొదటివి చెప్తున్నంతసేపూ చెవులు రిక్కించాం. రెండోవి మొదలెట్టగానే, అంటే ఆకాశం నుంచి వచ్చినవాళ్ళు, మాయమైన జాతి, మంత్రాక్షరాలు, మా అమ్మాయి నా వైపు చూసి నవ్వేది.

ఆ అక్షరాల సంగతి నిజంగానే చెప్పుకోవాలి. కోట ఉత్తర ద్వారం పక్క గదిలో ఒక బోర్డు దొరికింది. చెక్క ఎప్పుడో మట్టిలో కలిసింది, దాని మీద జిప్సం ముక్కలతో పొదిగిన పది గుర్తులు మాత్రం పడ్డవి పడ్డట్టే ఉన్నాయి. ఒక్కో గుర్తు 37 సెంటీమీటర్ల ఎత్తు. సింధు రాతలంటే మనకు తెలిసినవి బొటనవేలంత ముద్రల మీద ఉండేవి. ఇదేమో వచ్చేపోయేవాళ్ళకు దూరం నుంచి కనపడాలని పెట్టింది. పదింటిలో ఆకుల చక్రంలాంటి గుర్తు నాలుగుసార్లు వస్తుంది. మ్యూజియంలో దాని నకలు ముందు మా అమ్మాయి అరగంట కూర్చుంది. మేం బయల్దేరే ముందే, జనవరి 5న, ఈ లిపిని చదివినవాళ్ళకు పది లక్షల డాలర్లిస్తామని తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రకటించారు. "నాన్నా, అది 'చెప్పులు బయట విడువుడు' అని రాసుంటే?" అంది అమ్మాయి. అదైనా కావచ్చు. ఎవరూ చదవలేదు కాబట్టి కాదనేవాడూ లేడు.

మ్యూజియం చిన్నది. గంట చాలు. శుక్రవారం సెలవు, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనిబడుతుంది.

మా బావమరిదికి లిపీ లేదు, మ్యూజియమూ లేదు. దిబ్బ ఎక్కీ ఎక్కగానే తూర్పు వైపు పెద్ద జలాశయం కనపడేసరికి అక్కడే ఆగిపోయాడు. 73 మీటర్ల పొడవు, 29 మీటర్ల వెడల్పు, పది మీటర్లకు పైగా లోతు, దిగడానికి మెట్లు. మొహెంజొదారోలో అందరూ చెప్పుకునే స్నానవాటిక పొడవు 12 మీటర్లే. నగరానికి ఉత్తరాన మాన్‌సర్, దక్షిణాన మన్‌హర్ అని రెండు వాగులు. వానొస్తేనే పారతాయి. అక్కడ ఏడాది మొత్తం మీద పడేది 300 మిల్లీమీటర్ల లోపే, మన వరంగల్ వానకు మూడో వంతు కూడా ఉండదు. భూమిలో తవ్వితే చాలాచోట్ల ఉప్పునీరు. అలాంటి చోట వాగుకు అడ్డకట్ట వేసి నీళ్ళను నగరం వైపు మళ్ళించారు. నగరం ఈ కొస నుంచి ఆ కొసకు ఉన్న 13 మీటర్ల వాలును వాడుకుని ఒకదాని కింద ఒకటిగా తొట్లు కట్టారు.

"బావా, ఇది మన గొలుసుకట్టు చెరువుల లెక్కనే ఉన్నది. పైది నిండితే కిందికి. మత్తడి ఏడున్నదో చూడాలె" అంటూ గట్టు వెంబడి నడక మొదలుపెట్టాడు. నేనూ వెనకే. రామప్ప గుడి పక్కన రామప్ప చెరువుంది. కాకతీయులు గుడి కట్టినచోటల్లా చెరువు తవ్వించారని పిల్లలకు ఏళ్ళుగా చెప్తున్నాను. ఆ లెక్కకు మూడున్నర వేల ఏళ్ళ ముందే ఇక్కడ ఎవరో తూమూ కట్టా ఆలోచించారు. గైడు మమ్మల్ని స్టేడియం వైపు లాగుతున్నాడు. 283 మీటర్ల పొడవున్న మైదానం, అంచుల్లో మెట్లలాంటి గట్లు. ఆటలాడారో, సంత పెట్టారో, ఉత్సవం చేశారో తెలీదు. బావమరిది కోట లోపలి వాననీటి కాలువలోకి దూరాడు. మనిషి నిలబడి నడిచేంత ఎత్తు. లోపల్నుంచి, "వాలు ఇంకా సరిగ్గనే ఉన్నది" అని అరిచాడు.

నన్ను పట్టేసింది మాత్రం కోటలోని బావి. రాతితో కట్టిన నుయ్యి, పక్కన ఒక రాతి పలక. దాని అంచున తాడు ఒరిపిడికి పడ్డ గాళ్ళు. వేలు పెట్టి చూశాను, మొదటి కణుపు దాకా దిగింది. ఒకేచోట కాదు, పక్కపక్కనే ఉన్నాయి. తాడు ఒక గాడిలో జారడం మొదలెడితే పక్కకు జరుపుకొని తోడారన్నమాట. మా తాతగారి ఊళ్ళో మోటబావి గట్టు మీద అచ్చం ఇలాంటివే ఉండేవి. చిన్నప్పుడు వాటిలో గోళీలు దొర్లించేవాళ్ళం. రాజు పేరు తెలీదు, రాజున్నాడో లేడో కూడా తెలీదు, గుడి లేదు, విగ్రహం లేదు. నీళ్ళు తోడిన చేతుల జాడ మాత్రం రాయి మీద ఉంది.

పడమటి వైపు శ్మశానం. గుండ్రటి మట్టి గుట్టలు, లోపల రాతి గది, గదిలో కుండలు, పూసలు, బంగారు గాజులు దొరికాయి గానీ మనిషి ఎముకలు లేవు. ఎక్కడో పోయినవాళ్ళకు ఇక్కడ కట్టిన గుర్తులని పండితుల ఊహ. మన ములుగు జిల్లా దామరవాయిలో రాక్షసగుళ్ళు, అంటే పాతకాలపు రాతి సమాధులు, చూసినవాళ్ళకు ఆ చోట కాళ్ళు తొందరగా కదలవు. చాలామంది టూరిస్టులు అటు వెళ్ళనే వెళ్ళరు. మీరు అడిగి వెళ్ళండి.

నగరం చివరి దశలో, క్రీ.పూ. 1500కు అటూ ఇటూగా, జనం పెద్ద పెద్ద రాతి కట్టడాలు మానేసి గుండ్రటి ఇళ్ళు కట్టుకున్నారట, భూంగాల్లాంటివే. ఆ తర్వాత మొత్తానికే వదిలేసి వెళ్ళిపోయారు. ఈ సంగతి గైడు చెప్పింది రెండో సాయంత్రం. ఆ రాత్రి భూంగాలో పడుకుని, గుండ్రటి కప్పు కేసి చూస్తూ చాలాసేపు నిద్రపోలేదు. 2001 భూకంపంలో ఈ ప్రాంతమంతా కూలినా ఎన్నో భూంగాలు నిలబడ్డాయంటారు.

మూడో రోజు ఖావ్‌డా వైపు కొత్త రోడ్డు మీదుగా భుజ్. స్వర్గానికి దారి అని పేరు పెట్టిన రోడ్డిదే, దాదాపు 30 కిలోమీటర్లు రెండు పక్కలా తెలుపు తప్ప ఇంకేం లేదు. మా ఆవిడ ట్రిప్పు మొత్తానికి మార్కులు దీనికే వేసింది. తప్పు పట్టను. కాకపోతే నడిరోడ్డు మీద పడుకుని ఫొటోలు దిగేవాళ్ళు ఎక్కువయ్యారు, డ్రైవర్ హారన్ మీంచి చెయ్యి తీయలేదు. రాపర్ మీదుగా తిరిగి పోవడం కంటే ఇది చాలా దగ్గర కూడా.

భుజ్‌లో భుజియా గుట్ట మీది స్మృతివన్‌కి అర పూట కేటాయించండి. భూకంపం మ్యూజియం బాగుంది, కానీ నాకు గుర్తుండిపోయింది బయటి చెక్‌డ్యామ్‌లు. చనిపోయినవాళ్ళ పేర్లు వాటి గోడల మీద ఉన్నాయి. బావమరిది అక్కడ మాట్లాడలేదు.

ఉత్తరాయణం నాడు భుజ్‌లో మేడల మీద జనం, ఆకాశం నిండా గాలిపటాలు. మాంజా మెడకు తగలకుండా స్కూటర్ల ముందు ఇనప తీగ వంచి పెట్టుకుంటున్నారు. ఈ పండగ రోజుల్లో అహ్మదాబాద్‌లో గదులకు మాకు చెప్పిన ధర మామూలుకు రెట్టింపు. నెల ముందు బుక్ చేసుకోండి, లేదా పండగయ్యాక దిగండి.

లోథల్‌ని చివరి రోజుకు పెట్టుకున్నాం. అహ్మదాబాద్‌కి 80 కిలోమీటర్లే, పొద్దున వెళ్ళి సాయంత్రం విమానం ఎక్కొచ్చు. మేం వెళ్ళినప్పుడు పక్కనే జాతీయ సముద్ర వారసత్వ సముదాయం కడుతున్నారు, దారి పొడవునా లారీల దుమ్ము. ధోలావీరా చూసిన కళ్ళకు లోథల్ చిన్నగా అనిపిస్తుంది, నిజం చెప్పాలి. ధోలావీరా రాయి, ఇది ఇటుక. ఎస్.ఆర్. రావు 1955 నుంచి తవ్విన చోటు. 200 మీటర్లకు పైగా పొడవు, 37 మీటర్ల వెడల్పున్న ఇటుకల తొట్టి, అడుగున పచ్చటి నీళ్ళు. ఓడలు ఆగే రేవు అన్నారు రావు. కాదు, సాగునీటి చెరువు అని 1960ల్లోనే లెష్నిక్ అనే ఆయన వాదించారు. 2024లో గాంధీనగర్ ఐఐటీ వాళ్ళు పాత సబర్మతి పాయ లోథల్ పక్కగా పారేదని ఉపగ్రహ చిత్రాల్లో చూపించి, రేవు వాదానికి బలమిచ్చారు. పర్షియన్ గల్ఫ్ వ్యాపారులు వాడే ముద్ర దొరికిన ఊరు కాబట్టి నేను రేవు పక్షం. బావమరిది గట్టు మీద రెండు చుట్లు తిరిగి, నీళ్ళొచ్చే గండీ, పోయే గండీ చూసి, "చెరువైతే కింద ఆయకట్టు ఏది బావా?" అన్నాడు. అంటే ఆయనా నా పక్షమే, ఒప్పుకోడంతే.

ఆ ముద్ర సంగతేదో మ్యూజియంలో అడుగుదామని నడిచాం. తలుపుకు తాళం. ఆ రోజు జనవరి 17, శుక్రవారం. ధోలావీరా మ్యూజియంలో శుక్రవారం సెలవన్న బోర్డు చదివింది నేనే, అందరికీ చెప్పింది నేనే. కాపలాదారు మా మొహాలు చూసి జాలిపడి, "రేపు రండి సాబ్, పొద్దున్నే తీస్తారు" అన్నాడు. మా విమానం ఆ సాయంత్రమే.