చాందా ఎండల్లో నాలుగున్నరేళ్లు: సన్‌రూఫ్‌కు పెట్టిన డబ్బు దక్కిందా?

మా బావమరిది మంచిర్యాలలో ఉంటాడు. మొన్న ఫోన్ చేసి, "బావా, కారు కొంటున్న. సన్‌రూఫ్ ఉన్నదే తీసుకోవాల్నా?" అని అడిగాడు. అరగంట చెప్పాను. పెట్టేశాక చూస్తే ఇంకా చెప్పాల్సింది చాలానే మిగిలింది. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను.

నాది మహారాష్ట్రలోని రాజురా. 1956లో రాష్ట్రాలు మారకముందు మా తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. అందుకే ఇప్పటికీ ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, చుట్టాలంతా ఆసిఫాబాద్, మంచిర్యాల వైపు. రోజూ వార్ధా నది దాటి బల్లార్‌పూర్ మీదుగా చంద్రపూర్‌లో ఆఫీసుకు వెళ్తాను. చంద్రపూర్ అని బోర్డుల మీద ఉంటుంది గానీ మాకు అది చాందానే. నెలకు ఒకటి రెండు సార్లు వాంకిడి మీదుగా మంచిర్యాల ప్రయాణం. ఆఫీసు దగ్గర షెడ్డు లేదు, చెట్టు లేదు. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా కారు ఎండలోనే ఉంటుంది. 2020 నవంబరులో కొన్నాను, మీటరు 68 వేల కిలోమీటర్లు దాటింది. ముదురు బూడిద రంగు. ముందు సీటు నుంచి వెనక సీటు దాకా పరిచినట్టుండే పనోరమిక్ సన్‌రూఫ్, అంటే పైకప్పులో తెరుచుకునే పెద్ద అద్దం, దాని కింద జరిపే గుడ్డ తెర.

కొన్నది చలికాలంలో కదా, మొదటి మూడు నెలలు నాకు అంతకంటే మంచి వస్తువు లేదనిపించింది. తాడోబా అడవికి వెళ్లే మొహర్లీ దారిలో పొద్దున ఏడింటికి తెర వెనక్కి జరిపితే టేకు చెట్ల కొమ్మలు నెత్తి మీదుగా వెళ్తుంటాయి. మా పాప వెనక సీట్లో వెల్లకిలా వాలి, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయేది. రాత్రిళ్లు మంచిర్యాల నుంచి వచ్చేటప్పుడు వాంకిడి దగ్గర దీపాలు లేనిచోట కారు ఆపి చుక్కలు చూసేవాళ్లం. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేసి చెప్పను.

మార్చి సగం దాటగానే కథ మారింది. మే నెలలో 46, 47 డిగ్రీలు చాందాకు కొత్త కాదు. ఆ ఏడు ఏప్రిల్‌లో అమ్మను మంచిర్యాల పెళ్లికి తీసుకెళ్తున్నాను. తెర పూర్తిగా మూసే ఉంది, ఏసీ గట్టిగా నడుస్తోంది. ఆసిఫాబాద్ చేరేసరికి అమ్మ కొంగు నాలుగు మడతలు పెట్టి తల మీద వేసుకుంది. "కాళ్లకు సల్లగనే ఉంది బిడ్డా, నెత్తి మాత్రం కాలుతున్నది" అంది. చెయ్యి పైకెత్తి తెరను ముట్టుకుంటే ఇస్త్రీ చేసిన బట్టలా వేడిగా తగిలింది.

దీని సంగతేంటో తెలుసుకోవాలనిపించింది. మా ఆఫీసులో ఒకతను ఇదే కారు, ఇదే రంగు, సన్‌రూఫ్ లేని రకం కొన్నాడు. ఏసీ మెకానిక్ దగ్గర దూరం నుంచే వేడి కొలిచే థర్మామీటర్ గన్ను అడిగి తెచ్చి, మే నెలలో ఒక మధ్యాహ్నం రెండు కార్లనూ పక్కపక్కనే నిలబెట్టి చూశాం. రెండు గంటలకు నా కారులో తెర అడుగున 66 డిగ్రీలు, అతని కారులో పైకప్పు లైనింగ్ 57. అదొక్కటే అయితే పెద్ద తేడా కాదు, ఎండలో నిలబడిన కారు ఏదైనా కాలుతుంది. అసలు తేడా బండి నడిచాక తెలిసింది. ఇద్దరం ఏసీ వేసుకుని అరగంట తిరిగి వచ్చి మళ్లీ కొలిస్తే అతని లైనింగ్ 38కి దిగింది, నా తెర 47 దగ్గరే ఉంది. కారులో గాలి చల్లబడుతుంది, తల పైన ఉన్నది మాత్రం చల్లబడదు.

కారణం పెద్ద రహస్యం కాదు. మామూలు పైకప్పులో రేకు కింద ఖాళీ, కొన్ని కార్లలో వేడిని ఆపే పొర, దాని కింద లైనింగ్ ఉంటాయి. పనోరమిక్‌లో అద్దం, దాని కింద పల్చటి గుడ్డ తెర, అంతే. నల్లగా ఉన్న అద్దం ఎండను కొంత ఆపుతుంది గానీ ఆపిన వేడిని తానే పీల్చుకుని కాగుతుంది. దాన్ని దాటి వచ్చిన ఎండ తెరను కాలుస్తుంది. ఆ తెర పెనంలా మన తల మీదకు వేడి చిమ్ముతూ ఉంటుంది. షోరూంలో "యూవీ కట్ గ్లాస్ సార్" అని చెప్తే నేను నమ్మి ఊరుకున్నాను. అతినీలలోహిత కిరణాలు ఎండలో చాలా చిన్న భాగం. దాదాపు సగం శక్తి కంటికి కనిపించని పరారుణ కిరణాల్లో ఉంటుంది, మిగతాది చాలావరకు వెలుతురులో ఉంటుంది. యూవీ ఆగితే చర్మానికి మేలే, వేడి మాత్రం పెద్దగా తగ్గదు. వేడి ఎంత ఆపుతుందో విడిగా అడగాలి.

రెండో వేసవి నుంచి ఒక పని చేస్తున్నాను. వెండి రంగు పూతున్న ఫోమ్ షీటు కొలత ప్రకారం కోయించి, అద్దానికీ తెరకూ మధ్య రెండు ముక్కలుగా అమరుస్తాను. వేడి బాగా తగ్గింది, అమ్మ ఇప్పుడు కొంగు వేసుకోవడం లేదు. కానీ షీటు ఉన్నంతకాలం సన్‌రూఫ్ తెరవకూడదు, పట్టాల్లో ఇరుక్కుంటుంది. అంటే మార్చి సగం నుంచి జూన్ దాకా ఆ అద్దాన్ని నేనే మూసిపెట్టుకుంటున్నాను.

వేసవిలో పనికొచ్చేది ఒకటుంది. సాయంత్రం ఎక్కే ముందు సన్‌రూఫ్ వెనక అంచు కాస్త పైకి లేపితే లోపల కుక్కుకున్న వేడి గాలి పైనుంచి త్వరగా పోతుంది. షీటు పెట్టడం మొదలయ్యాక దాన్నీ వదులుకున్నాను. నాలుగు అద్దాలూ దించి రెండు నిమిషాలు ఆగినా దాదాపు అదే ఫలితం వస్తుంది, లోటు తెలియలేదు.

వానాకాలం సంగతి ఇంకా ముఖ్యం, దీన్ని ఎవరూ ముందు చెప్పరు. 2022 జూలైలో వార్ధా పొంగిన రోజులవి. ఒకరోజు బ్రేకు వేయగానే పైనున్న లైటు పక్కనుంచి గ్లాసెడు నీళ్లు నా భార్య ఒళ్లో పడ్డాయి. సర్వీస్ సెంటరుకు తీసుకెళ్తే రబ్బరు బీడింగు మొత్తం మార్చాలన్నారు, 18 వేల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. నాకు మనసొప్పలేదు. బల్లార్‌పూర్‌లో కరీంనగర్ నుంచి వచ్చి స్థిరపడిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు, ఆయన దగ్గరికి వెళ్లాను. అద్దం తెరిచి నాలుగు మూలలూ చూసి, "సార్, రబ్బరు మంచిగనే ఉంది. నీళ్లు పోయే పైపులు మూసుకపోయినయ్" అన్నాడు.

అప్పటిదాకా నాకూ తెలియదు. సన్‌రూఫ్ రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు. కొంత నీరు లోపలికి దిగేలాగే దాన్ని తయారు చేస్తారు. ఆ నీరు అద్దం చుట్టూ ఉన్న గాడిలో పడి, మూలల్లోని సన్నని పైపుల గుండా, ముందు పైపులు రెండూ కారు ముందు అద్దం పక్క స్తంభాల లోపలి నుంచి, వెనక పైపులు రెండూ వెనక వైపు నుంచి కిందికి పోతుంది. మా దారిలో బొగ్గు లారీలు, సిమెంటు లారీలు రాత్రీపగలూ తిరుగుతాయి. ఆ పొడి ఎనిమిది నెలలు గాడిలో పేరుకుని, తొలి వానకు ముద్దయి పైపులో గట్టిపడుతుంది. దానికి తోడు వేపాకు. ఆయన మెత్తటి నైలాన్ తీగ మెల్లగా దించి, తక్కువ ఒత్తిడితో గాలి కొట్టి శుభ్రం చేశాడు. గాలి గట్టిగా కొడితే పైపు లోపల జాయింటు దగ్గర ఊడిపోతుందట, అప్పుడు నీళ్లు నేరుగా డ్యాష్‌బోర్డు వెనక్కి దిగుతాయి, అక్కడంతా వైరింగే. తీసుకున్నది 600 రూపాయలు. మ్యాట్ల కింద తడి ఆరడానికి, ఆ ముక్కిన వాసన పోవడానికి మాత్రం నెల పట్టింది.

అప్పటినుంచి ప్రతి ఏడాది మృగశిరకు ముందు ఒక ఆదివారం దీనికే కేటాయిస్తాను. తడిగుడ్డతో గాడి తుడిచి, ఒక్కో మూలలో చిన్న గ్లాసుతో నీళ్లు పోసి, ఆ వైపు కారు కింద నీళ్లు కారుతున్నాయా అని చూస్తాను. రబ్బరుకు సిలికాన్ గ్రీజు కొద్దిగా రాస్తాను. ఇంత చేసినా గుంతల రోడ్డు మీద పైన చిన్న కిటకిట ఉండనే ఉంది.

80 దాటిన వేగంలో తెరిస్తే చెవుల్లో గుబగుబమని మోత. వెనక అద్దం రెండు వేళ్లంత దించితే అది తగ్గుతుంది. ఎత్తైనవాళ్లకు తల పైన జాగా తక్కువవుతుంది.

పిల్లల్ని అందులోంచి పైకి నిలబెట్టడం గురించి గట్టిగానే చెప్తాను: వద్దు. పెళ్లి ఊరేగింపుల్లో, పండగల్లో రోజూ చూస్తున్నాం. బ్రేకు గట్టిగా పడితే ఆ పిల్ల పొట్ట, పక్కటెముకలు నేరుగా అద్దం అంచుకు కొట్టుకుంటాయి. బెల్టు లేదు, పట్టు లేదు. సంక్రాంతి రోజుల్లో నాగ్‌పూర్ వైపు గాలిపటాల నైలాన్ మాంజా రోడ్డుకు అడ్డంగా వేలాడుతుంది, బైకుల మీద వెళ్లేవాళ్ల మెడలు కోసిన దారం అది. మా పాప ఎంత ఏడ్చినా నేను ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు.

డబ్బు లెక్కకొస్తే, కింది రకానికీ దీనికీ తేడా నాకు లక్షా నలభై వేలు పడింది. ఇంకో రెండు మూడు సౌకర్యాలు కలిసే వచ్చాయి, కాని నేను కొన్నది సన్‌రూఫ్ కోసమే. ఏడాదిలో దాన్ని మనస్ఫూర్తిగా వాడేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అదీ పొద్దున, రాత్రి. మళ్లీ కొంటే ఆ డబ్బు గాలి వచ్చే సీట్లకు, వెనక ఏసీకి పెడతాను, తెల్ల రంగు తీసుకుంటాను. కారు రోజంతా నీడలో ఉండేవాళ్లు, కావాలనుకుంటే ముందు సీట్ల పైన మాత్రమే ఉండే చిన్న సన్‌రూఫ్ చూడండి. చాలా వాటికి గుడ్డ కాకుండా గట్టి అట్టలాంటి మూత ఉంటుంది, అది వేడిని ఇంతకంటే బాగా ఆపుతుంది.

బావమరిదికి చివరగా ఒకటే చెప్పాను: టెస్ట్ డ్రైవ్ సాయంత్రం వద్దు, మధ్యాహ్నం రెండింటికి ఎండలో నిలబెట్టిన కారే అడుగు, వెనక సీట్లో అత్తమ్మను కూర్చోబెట్టు, తెర మూసి అరగంట తిప్పు. పోయిన ఆదివారం అలాగే చేశాడు. అత్తమ్మ ఇరవై నిమిషాలకే ఆపమన్నదట. సన్‌రూఫ్ లేని రకానికి అడ్వాన్సు కట్టాడు, బండి రావడానికి ఆరు వారాలు పడుతుందన్నారు.