ఏకాస్ రాజీ సేవ: ఉద్యోగంతోపాటు పేరూ పోయినవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

ఇంగ్లండులో అన్యాయంగా ఉద్యోగంలోంచి తీసేశారని ఉద్యోగ వివాదాలు విచారించే ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే ముందు ఏకాస్‌కు తెలియజేయాల్సిందే. యజమానికీ ఉద్యోగికీ మధ్య రాజీ కుదిర్చే, ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థ ఇది, మనకు పైసా ఖర్చు ఉండదు. అయితే తీసేస్తూ "డబ్బు కాజేశాడు" అని ఆఫీసులో అందరికీ మెయిల్ పెట్టారనుకోండి, పరువు నష్టం సంగతి కూడా ఇక్కడే తేలుతుందని చాలామంది నమ్ముతారు. తేలదు. ఆ విషయం ఆలస్యంగా తెలిస్తే కోలుకోవడం కష్టం.

ఆన్‌లైన్ ఫారం చిన్నదే. తేడా వచ్చేదల్లా యజమాని పేరు దగ్గర. బోర్డు మీది పేరు కాదు, ఉద్యోగ ఒప్పందంలో, పేస్లిప్పులో ఉన్న కంపెనీ పేరు రాయాలి. కన్సల్టెన్సీ తరఫున క్లయింటు ఆఫీసులో పనిచేసే మన ఐటీ వాళ్లు క్లయింటు పేరు రాసేస్తే చిక్కే. రాజీ ప్రయత్నం ముగిశాక ఏకాస్ ఇచ్చే సర్టిఫికెట్‌లోని పేరూ, ట్రిబ్యునల్ ఫారంలోని పేరూ కలవకపోతే అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

తర్వాత మధ్యవర్తి ఫోన్ చేస్తారు. ఆయన మన లాయరు కాదు, కేసు గెలుస్తుందో లేదో చెప్పరు. ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేస్తారు. 2025 డిసెంబరు నుంచి ఈ రాజీ కాలాన్ని ఆరు వారాల నుంచి పన్నెండు వారాలకు పెంచారు. ఆ కాలమంతా ట్రిబ్యునల్ గడువు ఆగి ఉంటుంది.

పరువు నష్టం గడువు మాత్రం ఆగదు. మాట బయటికి వచ్చిన రోజు నుంచి ఒక్క ఏడాదే. ఆ దావా వేయాల్సింది హైకోర్టులో, లీగల్ ఎయిడ్ రాదు. 2013 చట్టం ప్రకారం పేరుకు తీవ్రమైన హాని జరిగిందనో, జరిగే అవకాశం ఉందనో చూపించాలి. తొలగింపు లేఖ మన చేతికే ఇచ్చి మూడో మనిషికి చూపించకపోతే అసలు దావాయే లేదు. హెచ్‌ఆర్ నుంచి మేనేజరుకు వెళ్లిన మెయిల్ అబద్ధమైనా, నిజమని నమ్మి రాసి ఉంటే రాసినవాళ్లను చట్టం కాపాడుతుంది. దురుద్దేశం ఉందని మనమే నిరూపించాలి, అది నిజంగా కష్టం. కొత్త కంపెనీకి పాత యజమాని మన గురించి ఇచ్చే అభిప్రాయం, అంటే రిఫరెన్సు, చెడ్డదైతే ఇంకో దారి ఉంది: అజాగ్రత్తగా రాసినందుకు దావా. స్ప్రింగ్ వర్సెస్ గార్డియన్ అష్యూరెన్స్ కేసులో 1994లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దీనికి తలుపు తీసింది. ఇక్కడ దురుద్దేశం చూపించనక్కర్లేదు, గడువు సాధారణంగా ఆరేళ్లు.

మరి ఏకాస్ ఎందుకు? మా లెక్కలో దాని అసలు విలువ ఏకాస్ ద్వారా కుదిరే సీఓటీ3 అనే రాజీ ఒప్పందంలో ఉంది. కోర్టు డబ్బు ఇప్పించగలదు గానీ, రేపు కొత్త కంపెనీ ఫోన్ చేస్తే ఎవరు ఏం చెప్పాలో సాధారణంగా రాసివ్వదు. ఇక్కడ రాయించుకోవచ్చు. రిఫరెన్సు పాఠం మొత్తం ఒప్పందానికి జతచేయించండి. ఫోన్‌లో అడిగినా దానికి భిన్నంగా చెప్పకూడదని, జవాబివ్వాల్సింది ఏ హోదాలో ఉన్నవాళ్లో కూడా రాయించండి. "మంచి రిఫరెన్సు ఇస్తాం" అన్న ఒక్క వాక్యంతో ఊరుకుంటే అది నీటిమీద రాతే.

రెండు చోట్ల జాగ్రత్త. మధ్యవర్తికి నోటితో "సరే" అన్నా ఒప్పందం కుదిరిపోయినట్టే, సంతకం దాకా ఆగదు. "అన్ని దావాలూ వదులుకుంటున్నాను" అనే వాక్యం పరువు నష్టం దావానూ మింగేయవచ్చు. అది మిగుల్చుకోవాలంటే మినహాయింపు పేరుపెట్టి రాయించాలి.

అందుకే సరే అనేముందే కంపెనీని మన వ్యక్తిగత సమాచారం రాతపూర్వకంగా అడగడం మేలు. మామూలుగా నెలలోగా ఇవ్వాలి. గోప్యంగా ఇచ్చిన రిఫరెన్సును ఇవ్వనక్కర్లేదు గానీ, మన గురించి లోపల తిరిగిన మెయిళ్లు చాలావరకు బయటికొస్తాయి. ఎవరు, ఎవరికి, ఏ తేదీన, ఏ మాట రాశారో తెలిశాకే బేరం మాట్లాడండి.