తమ్ముడికి బీఎన్ఎస్ఎస్ టెస్ట్ రెండుసార్లు చేయించాం, నా రివ్యూ (5కి 4)

టెస్ట్ అంటే రక్తం తీసేది, స్కానింగ్ చేసేది అనుకోకండి, మెషీన్ ఏమీ ఉండదు. సైకాలజిస్ట్ ఎదురుగా కూర్చుని మాట్లాడుతూ 13 అంశాల మీద 0 నుంచి 6 దాకా మార్కులు వేస్తారు, 0 అంటే ఏ ఇబ్బందీ లేదు, 6 అంటే బాగా ఎక్కువగా ఉంది అని. పూర్తి పేరు బ్రీఫ్ నెగటివ్ సింప్టమ్ స్కేల్, మనిషిలో మాట, సంతోషం, ఊపు లాంటివి ఎంత తగ్గాయో కొలిచేది. మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు వచ్చి తొమ్మిదేళ్ళు, వాడికి నాలుగు నెలల తేడాతో రెండుసార్లు చేయించాం. ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్ళకి పనికొస్తుందని కొంచెం వివరంగానే రాస్తున్నా.

వాడికి గొంతులు వినపడటం, ఎవరో వెంటపడుతున్నారన్న అనుమానం ఇవన్నీ మందులు మొదలెట్టిన రెండో ఏడాదికే తగ్గిపోయాయి, మేం గండం గడిచింది అనుకున్నాం. కానీ మనిషి మాత్రం మళ్ళీ మా తమ్ముడు అవ్వలేదు. పొద్దున లేచి మంచం మీదే కూర్చుంటాడు, స్నానం చెయ్యరా అని మూడుసార్లు అంటే గానీ కదలడు, పలకరిస్తే ఊ, లేదు, తెలీదు, అంతే, ముఖంలో ఏమీ కనపడదు. వీటినే నెగటివ్ సింప్టమ్స్ అంటారు, నెగటివ్ అంటే చెడ్డవని కాదు, మామూలుగా మనిషిలో ఉండాల్సినవి తగ్గిపోవడం. ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు. ముందు చూపించిన చోట నెలనెలా ఒకటే ప్రశ్న, గొంతులు వినిపిస్తున్నాయా, లేదు సార్ అంటే బాగున్నాడమ్మా ఇవే మందులు వాడండి అని చీటీ. మేమేమో ఇంటికొచ్చి వాణ్ణి బద్ధకస్తుడు అన్నాం, తిని కూర్చోవడం అలవాటైపోయింది అని నాన్న చుట్టాల ముందే అనేవారు, ఇప్పుడు తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

మొదట్లో అడ్మిట్ చేసినప్పుడు పాన్స్ అనే, స్కిజోఫ్రెనియా లక్షణాలన్నీ కొలిచే స్కేల్ చేశారు. అది 1987 నాటిది, 30 అంశాలు, అందులో నెగటివ్ వి 7 మాత్రమే, ఒక్కోటి 1 నుంచి మొదలవుతుంది కాబట్టి ఏ లోపం లేకపోయినా ఆ భాగంలో 7 వస్తుంది, ఈ సంగతి తెలియక నేను కాగితం చూసి కంగారుపడ్డాను. అందులో సామెతలకి అర్థం అడగడం కూడా ఉంటుంది, వీణ్ణి అందని ద్రాక్ష పుల్లన అంటే ఏంటి అని అడిగితే ద్రాక్ష పుల్లగా ఉంటుంది అన్నాడు, అది నెగటివ్ లెక్కలోకి వెళ్ళింది. సామెత అర్థం కాకపోవడం ఆలోచనకి సంబంధించింది, మనసులో కోరిక చచ్చిపోవడం వేరు, రెండూ ఒకే సంచిలో ఎలా వేస్తారు అని నాకు అప్పుడే అనిపించింది. ఈమధ్య చదివితే తెలిసింది, పరిశోధన చేసేవాళ్ళు చాలామంది ఆ సామెతల అంశాన్ని పక్కన పెట్టే నెగటివ్ స్కోర్ లెక్కేస్తారట. 2005లో అమెరికాలో నిపుణులు కూర్చుని నెగటివ్ అంటే ఈ ఐదే అని ఒప్పుకున్నారు: ముఖంలో గొంతులో భావం తగ్గడం, మాట తగ్గడం, మనుషులతో కలవకపోవడం, సంతోషం తగ్గడం, ఏదైనా చెయ్యాలన్న ఊపు తగ్గడం. ఆ తర్వాత 2011లో బ్రయాన్ కిర్క్‌ప్యాట్రిక్ అనే ఆయన, ఇంకొందరు కలిసి చేసింది ఈ బీఎన్ఎస్ఎస్. దీంట్లో ఆ ఐదూ ఉంటాయి, బాధ కలగాల్సిన చోట కలుగుతోందా అని ఇంకొకటి కలిపారు.

ఇక అసలు సంగతి. ఈ స్కేల్లో నాకు బాగా నచ్చింది ఏంటంటే, మనిషి బయటికి ఏం చేశాడు అన్నదానికి ఒక మార్కు, లోపల ఏం అనుకున్నాడు అన్నదానికి ఇంకో మార్కు, విడివిడిగా. మనుషుల్ని కలవడం విషయంలో ఇలా రెండు, పనుల విషయంలో ఇలా రెండు. ఆ సైకాలజిస్ట్ మేడమ్ వాణ్ణి మీరు అంటూ మాట్లాడింది, మా ఇంట్లో వాణ్ణి ఎవరూ అంత నెమ్మదిగా మాట్లాడించి చాలా ఏళ్ళయింది.

ఈ వారం ఫ్రెండ్స్ ఎవరినైనా కలిశారా అంటే లేదన్నాడు. సరే, కలవాలని అనిపించిందా అని అడిగింది. ఎంతసేపటికీ పలకడు, నేను నోరు తెరవబోతే ఆవిడ చేత్తో ఆపింది. అప్పుడు అన్నాడు, "అనిపిస్తది... వాళ్ళు ఇప్పుడేం చేస్తున్నావ్ అని అడుగుతారు కదా." అంతే. తొమ్మిదేళ్ళలో వాడి నోట్లోంచి ఈ మాట నేను వినలేదు, ఎందుకంటే మేమెవరం ఆ ప్రశ్న అడగలేదు. కలవకపోవడంలో 5 వచ్చింది, లోపల కోరిక తగ్గడంలో 2 మాత్రమే వచ్చింది, అంటే వాడికి మనుషులు కావాలి. పనుల విషయంలో మాత్రం చెయ్యకపోవడం 5, లోపలి ఊపు తగ్గడం కూడా 4, అక్కడ నిజంగానే జబ్బు లోపలిదాకా ఉంది.

వచ్చే వారం దేనికోసమైనా ఎదురుచూస్తున్నారా అన్నది ఇంకో ప్రశ్న, జరిగిపోయిన సంతోషం ఒకటి, రాబోయేదాన్ని తలుచుకుంటే కలిగే సంతోషం ఒకటి, ఇది కూడా విడిగానే అడుగుతారు. "ఆదివారం అక్క వస్తది" అన్నాడు. నేను వాడి పక్కనే కూర్చుని ఉన్నాను.

మొదటిసారి మొత్తం 78కి 50 వచ్చింది. అందులో ముఖం, గొంతు, చేతుల కదలిక ఈ మూడింటికే 14. ఈ స్కేల్ ఎంత ఉందో చెప్తుంది గానీ ఎందువల్లో చెప్పదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ముఖం బిగుసుకుపోవడం జబ్బు వల్ల రావచ్చు, ఈ జబ్బుకి వాడే హాలోపెరిడాల్ లాంటి మందుల వల్ల కూడా రావచ్చు, డిప్రెషన్ వల్ల మాట తగ్గొచ్చు, అనుమానం వల్ల బయటికి వెళ్ళకపోవచ్చు. మేడమ్ ఆ పేపర్ డాక్టర్ గారికి ఇస్తే ఆయన వాడి మోచెయ్యి వంచి చూశారు, నడిపించి చేతులు ఊగుతున్నాయా లేదా చూశారు, మందు వల్ల వచ్చే ఇలాంటి బిగుతు చూడటానికి సింప్సన్ యాంగస్ అని ఇంకో స్కేల్ ఉంది. డిప్రెషన్‌కి కాల్గరీ స్కేల్ అని తొమ్మిది అంశాలది చేశారు, అది స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళ కోసమే తయారుచేసింది, అందులో పెద్దగా ఏమీ రాలేదు. బిగుతులో మాత్రం తేలింది, కాబట్టి మందు మెల్లమెల్లగా మార్చారు. (దయచేసి ఇది చదివి ఇంట్లో మీకు మీరే మందు తగ్గించకండి, జబ్బు తిరగబెడితే మళ్ళీ మొదటికొస్తుంది.)

నాలుగు నెలల తర్వాత మొత్తం 44. అమ్మ సంతోషపడిపోయి అన్నీ తగ్గుతున్నాయి అంది. కానీ విడివిడిగా చూస్తే ఆ 6 మార్కులూ ముఖం, గొంతు, చేతుల దగ్గరే తగ్గాయి, 14 కాస్తా 8 అయింది, మిగతావి ఎక్కడివక్కడే ఉన్నాయి. అంటే మందు వల్ల వచ్చింది పోయింది, లోపలి ఊపు ఇంకా రాలేదు. అందుకే మీకు ఎవరైనా మొత్తం నంబర్ ఒక్కటే చెప్తే ఊరుకోకండి, 13 అంశాల పేపర్ అడిగి తీసుకోండి. ఆ పేపర్ చూసే ఇప్పుడు వాడికి రోజుకి ఒక్క పని, పాల ప్యాకెట్ తేవడం, పక్కన నాన్న నడవడం, అలా పెట్టారు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, గడిచిన వారం రోజులే లెక్క. మొదటిసారి వెళ్ళేముందు వారం మా పిన్ని కూతురు పెళ్ళి, వాణ్ణి లాక్కెళ్ళాం, కాబట్టి ఆ వారం మనుషుల మధ్య ఉన్నట్టే లెక్క వచ్చేది, మేడమ్ గుచ్చి గుచ్చి అడిగింది కాబట్టి సరిపోయింది. నాయనమ్మ పోయినప్పుడు వాడు ఏడవలేదు, అది అమ్మకి పెద్ద బాధ, ఆ విషయం చెప్పబోతే ఇది పోయిన వారం గురించి మాత్రమేనమ్మా అన్నారు, రూల్ అర్థమైంది గానీ అమ్మకి మాత్రం కష్టంగా అనిపించింది.

ఇంకోటి, మనవైపు పెద్దవాళ్ళ ముందు కుర్రాళ్ళు చేతులు కట్టుకుని తల దించుకుని కూర్చుంటారు, అది మర్యాద. చూసేవాళ్ళకి ఆ సంగతి తెలియకపోతే చేతులు కదలట్లేదు అని మార్కు పడిపోతుంది. ప్రశ్నలు తెలుగులో అడగడం కూడా అడిగేవాళ్ళ నేర్పే, మోటివేషన్ ఎలా ఉంది అంటే మా వాడు బిక్కమొహం వేస్తాడు, పొద్దున లేవగానే ఏం చెయ్యాలనిపించింది అంటే చెప్తాడు. కాబట్టి తెలుగు బాగా వచ్చిన, ఓపిక ఉన్న మనిషి దగ్గరే చేయించండి.

పావుగంటలో అయిపోతుంది అని చదివాను, మాకు దాదాపు గంట పట్టింది, వాడు జవాబు ఆలోచించుకునేదాకా ఆగాలి కదా. ఫీజు కన్సల్టేషన్‌తో కలిపి 1,200 అయింది. సదరం (వైకల్య) సర్టిఫికెట్‌కి ఇది పనికిరాదు, అక్కడ ఐడియాస్ అని వేరే స్కేల్ వాడతారు, తన పనులు తను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట అర్థం చేసుకోవడం, ఉద్యోగం లేదా ఇంటి పని ఈ నాలుగూ చూస్తారు, జబ్బు ఎన్నేళ్ళ నుంచి ఉందో కూడా కలుపుతారు, కనీసం 40 శాతం రావాలి. అయినా ఈ పేపర్ ఫైల్లో పెట్టుకోండి, ఇంట్లో పరిస్థితి డాక్టర్‌కి చెప్పడానికి మాటలు దొరుకుతాయి.

మూడోసారి ఆగస్టులో రమ్మన్నారు. ఈసారి నాన్నని కూడా తీసుకెళ్తున్నాం, పొద్దున పాల ప్యాకెట్‌కి వాడితో నడిచేది ఆయనే కాబట్టి దారిలో వాడేమైనా మాట్లాడితే ఆయనకే తెలుస్తుంది.